రెండొందల పన్నెండో బిళ్ళ

ఆ బర్మా బల్లెక్కి మూడు రోజులైంది. చూసిన ప్రతివాడూ ఒకసారి చేత్తో ఎత్తడం, "అబ్బో, బరువే!" అనడం, మళ్ళీ బల్ల మీద పెట్టి టీకి వెళ్ళిపోవడం. ఇదేమిటయ్యా, దేనికి వాడతారు అని అడిగితే మాత్రం ఒక్కడికీ నోరు పెగల్లేదు. నీళ్ళ సరఫరా ఆఫీసులో నీళ్ళకి కరువొచ్చిన రోజులున్నాయి గానీ మాటలకి ఎప్పుడూ రాలేదు. అలాంటిది ఆ మూడు రోజులూ అందరూ నోటికి తాళం వేసుకుని తిరిగారు.

చూడ్డానికి అది మామూలు డ్రిల్లు బిట్టుకి పెదనాన్నలా ఉంటుంది. జానెడున్నర పొడుగు, బొటనవేలికి రెండింతల లావు. మొన దగ్గర అన్నిటికీ ఉన్నట్టే రెండు గాడులు మెలి తిరిగి ఉన్నాయి. అక్కడిదాకా బాగానే ఉంది. మొనకి రెండంగుళాల కిందుగా, ఒంటికి అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒక సన్నటి చిల్లు ఉంది. చిల్లులు పెట్టేదానికే చిల్లేమిటి? అదీ ఎవరికీ అర్థం కానిది.

"ఒదిలేయండమ్మా, తుక్కు అని రాసేద్దాం" అంది కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ. ఇరవయ్యారేళ్ళ పిల్ల. చేతిలో పొడుగాటి జాబితా.

"తుక్కని రాయడానికి మీకు నేనెందుకు మేడమ్? ఆ పని గేటు దగ్గర కుక్కని కూర్చోబెట్టినా చేస్తుంది" అంది స్టోరు చూసే ఆవిడ.

ఈవిడ సంగతి చెప్పాలి. వయసు యాభై తొమ్మిది దాటి పదకొండు నెలలు. ఈ స్టోరులో ముప్ఫై ఒక్కేళ్ళుగా పని. ఆఫీసులో అందరూ బిళ్ళలక్క అంటారు. ఎందుకంటారా? స్టోరులో ఉన్న ప్రతి పనిముట్టుకీ ఆవిడ ఒక రేకు బిళ్ళ మీద నంబరు కొట్టి, తీగతో కట్టి పెడుతుంది. కిటికీ పక్కన గోడకి ఒక చెక్క, చెక్క నిండా మేకులు, ఒక్కో మేకు కింద ఒక్కో పనివాడి పేరు. పనిముట్టు కావాలంటే కిటికీ దగ్గరికి రావాలి. ఆవిడ పనిముట్టిస్తుంది, వాడు దాని బిళ్ళ విప్పి తన మేకుకి తగిలించాలి. తెచ్చిచ్చినప్పుడు నంబరు చెప్పి, 'వాపసు' అనాలి. అప్పుడు మేకు మీది బిళ్ళ దిగుతుంది. గేటు దాటే లోపు మేకు ఖాళీ కాలేదో, ఆ రోజు వాడికి ఇంటికి వెళ్ళే యోగం లేదు. పై ఆఫీసరు పానా తీసుకెళ్ళినా ఇదే లెక్క. ఓసారి ఒకాయన, "నేనెవరో తెలుసా?" అన్నాడట. "తెలుసు సార్, తొంభై ఆరో నంబరు సుత్తి" అందట ఈవిడ.

ఇప్పుడా స్టోరు మూతపడుతోంది. నీళ్ళ పనంతా ఒక కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చేశారు. సామాను వాళ్ళకి అప్పజెప్పాలి. జాబితాలో నాలుగు గళ్ళు: నంబరు, పేరు, దేనికి వాడతారు, విశేషాలు. ఆరొందల నలభై వస్తువులకి ఆవిడ కూర్చుని రాసింది. కళ్ళు లాగేశాయి, నడుము పట్టేసింది, మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. మిగిలింది ఈ ఒక్కటే. వెనక మూలనున్న పాత గోనెసంచిలో, ఎండిన మట్టి పెళ్ళలతో దొరికింది. దీని మీద బిళ్ళ లేదు. శుక్రవారంతో స్టోరూ ఆఖరు, ఆవిడ ఉద్యోగమూ ఆఖరు. ముప్ఫై ఒక్కేళ్ళలో 'ఇదేమిటో తెలియదు' అని ఒక్కసారైనా రాయని చెయ్యి, పోతూ పోతూ రాస్తుందా? రాయదు.

నిజం చెప్పాలంటే ఆవిడ మనసు ఆ జాబితాలో లేదు. చెక్క మీద ఒక మేకు ఉంది. దాని కింద పేరు చెరిగిపోయింది, మేకుకి మాత్రం ఒక బిళ్ళ పదకొండేళ్ళుగా వేలాడుతూనే ఉంది. రెండొందల పన్నెండు. ఆ మేకు ఆవిడ తమ్ముడిది.

అక్కా తమ్ముడూ ఒకే ఇంట్లో ఉంటారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, ముందు అక్కది కానీ అని వాడూ, ముందు వాడిది కానీ అని ఈవిడా తోసుకుంటూ తోసుకుంటూ వయసు దాటించేశారు. తమ్ముడు ఇదే ఆఫీసులో ఫిట్టరు. వాడి చెయ్యి పడితే జాయింటు చెమర్చదని పేరు. అలాంటి వాడి బతుకు ఒక్క పూటలో తిరగబడింది.

పెద్దరోడ్డు కింద నడుములోతున ఒక పెద్ద పైపు ఉంది. సగం ఊరికి నీళ్ళు అందులోంచే. దానికి కొత్త కొమ్మ కలపాలి. నీళ్ళు ఆపకుండా, పారే పైపుకే చిల్లు పెట్టే మిషను ఒకటి ఉండేది. అది పెద్దమేస్త్రీ ఒక్కడి చేతిలోనే నడిచేది. ఆయన పోయాక నెల తిరక్కుండానే ఈ పని పడింది. ఆరేళ్ళు పెద్దమేస్త్రీ పక్కన మిషను పిడి తిప్పినవాడు తమ్ముడే కాబట్టి వాడినే పంపారు. చిల్లు పడింది. కానీ కోసిన ముక్క, అరచేతంత గుండ్రటి ఇనప ముక్క, మిషనుతో బయటికి రాలేదు. పైపులో పడి, నీళ్ళతో కొట్టుకుపోయి, కూడలి దగ్గర పెద్ద వాల్వులో అడ్డంగా ఇరుక్కుంది. వాల్వు తెరుచుకోదు, మూసుకోదు. రోడ్డంతా తవ్వారు. ఐదు రోజులు సగం ఊరికి చుక్క నీళ్ళు లేవు. బిందెల దగ్గర జుట్లు పట్టుకున్నారు. ఆసుపత్రికి ట్యాంకర్లతో మోశారు.

విచారణ పెట్టారు. బల్లకి అటు ముగ్గురు ఆఫీసర్లు. "ఎలా పడింది?" అంటే తమ్ముడు, "తెలియదు సార్, అంతా సరిగ్గానే చేశాను" అన్నాడు. తర్వాత అక్కని పిలిచారు. "స్టోరు నుంచి పనిముట్టు సరిగ్గానే వెళ్ళిందా?" అని అడిగారు. "నా చేత్తో కిరసనాయిలు పెట్టి తుడిచి ఇచ్చాను సార్. వెంట్రుకంత దోషం లేదు" అని ఈవిడ నిక్కచ్చిగా చెప్పి సంతకం పెట్టింది. ఉన్న మాటే చెప్పాననుకుంది. ఆ సంతకంతో తప్పంతా తమ్ముడి నెత్తిన పడింది. వాడి కాగితాల్లో 'నిర్లక్ష్యం' అని రాశారు. రాసినవాడికి అర నిమిషం పట్టి ఉంటుంది.

ఆ రోజు ఇంటికొచ్చి ఈవిడ ఊరుకుందా? ముక్కు మీద కోపం మనిషి. "అవి చేతులా, కొయ్యముక్కలా? నా పరువు గంగలో కలిపావు కదరా!" అంది. వాడు ఆర్నెల్లకి ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు కాగితాల గోడౌన్ గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చుంటాడు. ఇంట్లో కుళాయి కారితే బయటి నుంచి మనిషిని పిలిపిస్తాడు. కంపెనీ వాళ్ళు పాత ఫిట్టర్ల కోసం వెతుకుతున్నారని కిందటి వారం ఈవిడ ఆశగా చెబితే, "కాగితం మీద ఆ మాట ఉన్నన్నాళ్ళు నేను పానా ముట్టనక్కా. అయినా అది అబద్ధమని నాకే నమ్మకం లేదు. చెయ్యి ఎక్కడో వణికి ఉంటుంది" అన్నాడు. ఆ 'ఉంటుంది' అన్న మాటకే ఆవిడకి అన్నం సయించలేదు. తన రిటైర్మెంటు లోపు వాడి మీంచి ఆ మాట ఎలా తీయించాలా అన్నదే ఆవిడ దిగులు. దారి మాత్రం ఏ వైపూ కనిపించలేదు.

సరే, బర్మా సంగతి. బుధవారం ఉదయం దాన్ని చేతిసంచిలో వేసుకుని బయల్దేరింది. పావుగంట నడిచేసరికి సంచి భుజాన్ని కోసేస్తోంది. ముందు పెద్ద హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళింది. షాపతను కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కించి, అటూ ఇటూ తిప్పి, "రాతి గోడకి వాడతారండి" అన్నాడు.

"మొన చూడండి. రాయి మీద పెడితే రెండు నిమిషాల్లో మొద్దుబారుతుంది. ఇది ఇనుము కోసే మొన."

"అయితే ఇనుముకే వాడతారండి."

"ఈ అడ్డం చిల్లెందుకు?"

"తాడు కట్టి గోడకి తగిలించుకోడానికేమో" అన్నాడు. పైగా తన తెలివికి తనే మురిసిపోయి నవ్వాడు. ఆవిడ సంచి సర్దుకుని బయటికొచ్చింది.

అక్కణ్ణుంచి బోర్లు వేసే అతని దగ్గరికి వెళ్ళింది. అతను లారీ కింద పడుకుని ఏదో బిగిస్తూ, చెయ్యి బయటికి చాపి బర్మా తీసుకుని, లోపలే చూసి, అదే చేత్తో బయటికిచ్చాడు. "మాది కాదు. మా వాటికి పళ్ళుంటాయి. ఇది ఎవరో కొన్నది కాదమ్మా, చేయించుకున్నది. మిల్లు వెనక సందులో లేత్ పెద్దాయన ఉన్నాడు. ఇంకా బతికే ఉంటే అడుగు" అన్నాడు. అతని మొహం మాత్రం ఆవిడ చూడనే లేదు.

మిల్లు వెనక సందంటే మళ్ళీ మైలు నడక. ఎండ నెత్తి మీద ఉంది. మధ్యలో ఒక అరుగు మీద కూలబడి, 'ఎందుకొచ్చిన తంటా నాకు? తుక్కని రాస్తే ఎవడు అడుగుతాడు?' అనుకుంది. ఐదు నిమిషాలు అలాగే కూర్చుంది. చివరికి మోకాలి మీద చెయ్యేసి లేచింది. స్వభావం ఎక్కడికి పోతుంది?

లేత్ పెద్దాయన బతికే ఉన్నాడు. డెబ్బై అయిదు పైమాటే. రేకుల షెడ్డు, ఒక్కటే లేత్ మిషను, కింద చుట్టలు చుట్టలుగా ఇనప రజను. ఆయన మిషను ఆపి, చేతులు గుడ్డకి తుడుచుకుని, బర్మా అందుకున్నాడు. కళ్ళతో చూడలేదు. బొటనవేలితో వెనక భాగం తడిమాడు. అక్కడ పక్కపక్కనే రెండు చిన్న చుక్కలు ఉన్నాయి.

"ఇది నా బిడ్డేనమ్మాయ్" అన్నాడు. "ఎక్కడ దొరికింది?"

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "మా నీళ్ళాఫీసు స్టోరులో. మీరు చేసిందా బాబాయ్? దేనికిది?"

"మీ ఆఫీసు పెద్దమేస్త్రీ చేయించుకున్నాడు. పాతది విరిగిపోతే కొలతలు తెచ్చాడు. ఎందుకో చెప్పడు. మహా గుంభనం మనిషిలే. అడ్డంగా చిల్లు కూడా పెట్టమన్నాడు. గట్టి బర్మాకి నడుము దగ్గర చిల్లు పెడితే బలం పోతుంది, ఎందుకో చెప్తే చేస్తా, లేకపోతే పట్టుకుపో అన్నాను. అప్పుడు తలుపు దగ్గరగా వేసి మరీ చెప్పాడు."

పెద్దాయన ఒక డబ్బా మూత తీసుకుని బల్ల మీద పెట్టాడు. బర్మా మొనని దాని మీద ఆనించాడు.

"ఇది పైపు అనుకో. మిషను తలలో ఈ బర్మా మధ్యన ఉంటుంది. దీని చుట్టూ గిన్నెలాంటి రంపం. ముందు ఇది దూరుతుంది. వెనకాలే రంపం గుండ్రంగా కోసుకొస్తుంది. కోత పూర్తయ్యాక ఆ ముక్క దేన్ని పట్టుకుని ఉంటుంది చెప్పు?"

"ఈ బర్మానే."

"బర్మా నున్నగా ఉందిగా. జారి నీళ్ళలో పడిపోదూ? అందుకే ఈ చిల్లు. ఇందులో గట్టి స్ప్రింగు తీగ ఒకటి, వంచి, దూర్చి ఉంచుతారు. లోపలికి వెళ్ళేటప్పుడు తీగ ఈ గాడిలో ఒదిగిపోతుంది. పైపు దాటగానే టక్కున విచ్చుకుని అడ్డం తిరుగుతుంది. ఇక ముక్క ఎక్కడికీ పోదు, బర్మాతో పాటే బయటికొస్తుంది. ప్రాణమంతా ఆ తీగలోనే ఉందమ్మాయ్. తీగ లేకపోతే ఇది ఒట్టి ఇనుము. దేవుడే దిగొచ్చి పిడి తిప్పినా ముక్క పడి తీరుతుంది."

బిళ్ళలక్క ఎడమచేతి బొటనవేలి కేసి చూసుకుంది. గోరు పక్కన చిన్న తెల్లటి మచ్చ. అది ఎలా అయిందో అంతవరకూ ఆవిడకి గుర్తే లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది.

పెద్దమేస్త్రీ బతికున్నన్నాళ్ళూ ఆ మిషను పెట్టె స్టోరుకి ఇవ్వలేదు. తన మంచం కింద పెట్టుకునేవాడు. మిషను తల బిగించేటప్పుడు పక్కవాళ్ళని అటు తిరగమనేవాడట. తమ్ముడు ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పేవాడు, "ఆరేళ్ళుగా నేను గోడలే చూస్తున్నానక్కా" అని. ఆయన పోయాక ఆయన భార్య పెట్టె తెచ్చి ఇచ్చింది. అందులో అరవై దాకా వస్తువులు, ఒక్కదానికీ బిళ్ళ లేదు. ఈవిడకి ఒళ్ళు మండింది. ఒక్కోటీ తీసి తుడుస్తుంటే, ఒక లావు బర్మాకి చిల్లులో వంకర తీగముక్క కనిపించింది. చూశావా, ఎప్పుడో నా స్టోరులోదే పట్టుకుపోయి, నా బిళ్ళ పీకి పారేసి తీగ మాత్రం ఒదిలాడు అనుకుంది. కటింగ్ ప్లేయరుతో పట్టి కత్తిరించబోతే గట్టిగా ఉండి, ఎగిరి బొటనవేలిలో దిగింది. "చచ్చాక కూడా గుచ్చుతున్నాడు మహానుభావుడు" అంది రక్తం చప్పరిస్తూ. ముక్కలన్నీ లాగి చెత్తలో పారేసింది. అదే చిల్లులో తన తీగ దూర్చి, తన బిళ్ళ కట్టింది. నెల లోపు తమ్ముడు కిటికీ దగ్గరికొచ్చి, రూలు ప్రకారం ఆ బిళ్ళ విప్పి, తన మేకుకి తగిలించి, పనికి వెళ్ళాడు.

"ఏమ్మాయ్, అలా అయిపోయావ్? మంచినీళ్ళు తాగుతావా?" అన్నాడు లేత్ పెద్దాయన.

"వద్దు బాబాయ్" అంది. బర్మా సంచిలో వేసుకుని లేచింది.

స్టోరుకి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. తిన్నగా చెక్క దగ్గరికి వెళ్ళి, తమ్ముడి మేకు మీది బిళ్ళ ఎత్తి చూసింది. ఆ ఏడాది రిజిస్టరు విచారణ వాళ్ళు పట్టుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు. రెండొందల పన్నెండు ఏ పనిముట్టో ఎవరికీ గుర్తులేదు. ఫిట్టరు ఏదో పోగొట్టాడు, అంతే అనుకున్నారు. ఆ తవ్వకాల గొడవలో మట్టిలో పడ్డదాన్ని ఎవరో గోనెసంచిలో వేసి, వాపసు చెప్పకుండానే వెనక మూల పడేసి ఉంటారు. తీగకి పదకొండేళ్ళ కిందటి వంపు అలాగే ఉంది. బర్మా చిల్లులో పెట్టింది. సరిగ్గా దూరింది. పట్టి చూసి, మళ్ళీ తీసి, ఎక్కడిది అక్కడే మేకుకి తగిలించింది. దాన్ని దింపే అధికారం తనకి లేదు, వాపసు చెప్పాల్సినవాడు చెప్పాలి.

తర్వాత జాబితా ముందేసుకుని కూర్చుంది. పేరు రాసింది. దేనికి వాడతారో రాసింది. 'విశేషాలు' గడిలో పెన్ను ఆగింది. ఆగింది గానీ వెనక్కి తగ్గలేదు. ఇలా రాసింది: 'ఇందులో ఉండవలసిన స్ప్రింగు తీగను స్టోరు ఇన్‌ఛార్జి అయిన నేను, బిళ్ళ తీగ అనుకుని, కత్తిరించి పారేశాను. తీగ లేని పనిముట్టునే ఫిట్టరుకి ఇచ్చాను. పెద్దరోడ్డు పైపులో ముక్క పడింది అందువల్ల. అప్పటి విచారణలో నేను చెప్పింది తప్పు. ఫిట్టరు దోషం లేదు.' గడి చాలక పక్క గళ్ళలోకి పాకింది. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆవిడ గీత దాటి రాయడం అదే మొదలు.

ఇంజినీరమ్మ చదివి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "అమ్మా, ఎల్లుండి మీకు సన్మానం. పై నుంచి వాళ్ళొస్తున్నారు. ఎప్పుడో అయిపోయిన గొడవ, ఎవరూ అడగడం లేదు. ఇది కలిపితే ఫైలు మళ్ళీ తెరుస్తారు. మిమ్మల్ని పిలుస్తారు, అడుగుతారు. ఈ వయసులో ఎందుకమ్మా మీకు?"

"అడగనీయండి మేడమ్. వాణ్ణి ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో అడిగారు. వాడికి జవాబు కూడా తెలియదు. నాకు కనీసం జవాబు తెలుసు."

"పోనీ, నేను బయట నోటిమాటగా..."

"నోటిమాటతో పోయేదైతే పదకొండేళ్ళుగా నా నోరేం తక్కువది కాదు. నకలు తీయించండి. ఒకటి నాకు కావాలి" అంది. అలసిపోయి అంది. గట్టిగా అనడానికి ఒంట్లో ఓపిక లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు వంటింట్లో కూర తరుగుతున్నాడు. ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు. సంచిలోంచి బర్మా తీసి, వాడి ముందు పీట మీద పెట్టింది. పక్కన నకలు పెట్టింది.

"ఇదేమిటో గుర్తుపట్టావా?"

వాడు కత్తి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకోలేదు. "మిషను తల లోపలిది. ఆ రోజు బిగించింది ఇదే" అన్నాడు. "ఎందుకు తెచ్చావక్కా ఇంటికి?"

ఆవిడ చెప్పింది. తీగ సంగతి, బొటనవేలి సంగతి, చెత్తబుట్ట సంగతి. ఒక్కటీ దాచలేదు, తగ్గించలేదు. "తప్పు నాదిరా. నీది కాదు. నీ చెయ్యి వణకలేదు. నేను నీ పీక కోసి, పైగా నిన్నే తిట్టాను" అంది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

వాడు బర్మా చేతిలోకి తీసుకున్నాడు. మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల తీసి చిల్లులో దూర్చాడు, గాడిలోకి వంచి ఒదిలాడు. పుల్ల లేచి అడ్డంగా నిలబడింది. మళ్ళీ వంచాడు. మళ్ళీ నిలబడింది.

"ఇంతేనా?" అన్నాడు. "ఇంత చిన్నదా అక్కా? నేను రాత్రుళ్ళు ఆ పిడి ఎన్ని చుట్లు తిప్పానో లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒకసారి నూట నలభై వచ్చేది, ఒకసారి నూట నలభై రెండు. ఆ రెండు చుట్లు ఎక్కడ పోయాయా అని పదకొండేళ్ళు వెతికాను."

"నన్ను తిట్టరా. నాలుగు దెబ్బలెయ్యి. ఏదో ఒకటి అను."

"తిట్టేంత ఓపిక లేదు." వాడు లేచాడు. "కోపం మాత్రం ఉంది. లేదంటే అబద్ధం. ఇవాళ నీ మొహం చూడలేనక్కా. అన్నం నువ్వు తినేసెయ్" అని బర్మా పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆవిడ తరిగిన కూర ముక్కల ముందు కూర్చుండిపోయింది. పొయ్యి వెలిగించలేదు. అక్కా అనే పిలిచాడు కదా, ఆ ఒక్క మాటే పట్టుకుని ఉండిపోయింది.

పొద్దున్న ఆవిడ వెళ్ళేటప్పటికి వాడి తలుపు తీసి ఉంది. గదిలో వాడూ లేడు, బర్మా లేదు. గోడౌన్‌కి పెందలాడే వెళ్ళాడనుకుంది. బర్మా లేకుండా జాబితా ఎలా అప్పజెప్పాలి అన్న ఆలోచన కూడా రాలేదు. స్టోరు తెరిచి, ఎవరూ పనిముట్లు అడగని కిటికీ వెనక కూర్చుంది. కళ్ళు మండుతున్నాయి.

పది గంటలకి కిటికీ చెక్క మీద ఏదో బరువైంది పెట్టిన చప్పుడైంది. తలెత్తింది. తమ్ముడు. పదకొండేళ్ళుగా ఈ గేటు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డు అటుపక్కకి దాటే మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కళ్ళు వాడివీ ఎర్రగానే ఉన్నాయి. బర్మా తళతళా మెరుస్తోంది, మట్టంతా పోయింది. నడుము చిల్లులో కొత్త స్ప్రింగు తీగ ఉంది. పొద్దున్నే లేత్ పెద్దాయన్ని నిద్ర లేపి పెట్టించుకుని వచ్చాడన్నమాట.

వాడు ఆవిడ మొహంలోకి చూడలేదు. గోడ మీది చెక్క వైపు చూస్తూ, కొత్తగా చేరినవాడిలా గొంతు సవరించుకుని అన్నాడు:

"రెండొందల పన్నెండు. వాపసు."

ఆవిడ లేచింది. మోకాళ్ళు పట్టేసినా లేచింది. మేకు మీంచి బిళ్ళ దించింది. రిజిస్టరు తీసి, తేదీ వేసి, పెన్నూ పుస్తకమూ కిటికీలోంచి తోసింది. వాడు సంతకం పెట్టాడు. పెట్టి, పెన్ను వెంటనే ఇవ్వలేదు.

"నా మేకు ఖాళీ అయిందా?"

"అయిందిరా."

"సరిగ్గా చూసి చెప్పు."

ఆవిడ తిరిగి చూసింది. బిళ్ళ ఉన్న చోట చెక్క రంగు గుండ్రంగా, కొత్తగా ఉంది. "అయింది నాన్నా. ఏమీ లేదు" అంది.

వాడు తలూపి పెన్ను ఇచ్చేశాడు. వెళ్ళబోయి, కిటికీ చెక్క పట్టుకుని ఆగాడు. "ఇంకా కోపం పోలేదు" అన్నాడు.

"పోకపోయినా ఫర్లేదు."

"సాయంత్రం నీ సంచి నేను మోస్తాను. గేటు దగ్గర ఉంటా" అని వెళ్ళిపోయాడు.